ఐదో నెల నిండేదాకా

ఈ దీవిలో డైరీ ఫార్మ్ అనే పేటలో మాకో కిరాణా కొట్టుంది. నా నోటికి జడిసి అక్కడ బేరమాడేవాళ్లు తక్కువ. ఇంట్లోనూ అంతే. నేనొక మాటంటే మా అబ్బాయి ఎదురు చెప్పడు, కోడలు అసలే చెప్పదు.

కోడలు నీళ్లోసుకుందని తెలిసిన రోజే హుకుం జారీ చేశాను, ఐదో నెల నిండేదాకా బయట ఎవరికీ తెలియకూడదని. మా ఇంటి ఆనవాయితీ అది. నా మొదటి కడుపప్పుడు మా అత్త ఆ మాటే చెప్తే నేను వినలేదు. సంబరంగా వీధంతా చెప్పుకున్నాను. మూడో నెలలో పోయింది. దిష్టి తగిలిందనే నమ్మాను. డాక్టర్లు చెప్పిన కారణాలేవీ నా బుర్రకెక్కలేదు.

చిక్కల్లా ఏమిటంటే, గర్భిణుల పేర్లు రాసుకుని కార్డులిచ్చే నర్సు, అందరూ దీదీ అని పిలిచే ఆమె, మా వెనక వీధిలోనే ఉంటుంది. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. రోజూ పొద్దున్నే పాల ప్యాకెట్‌కి మా కొట్టుకే వస్తుంది. ఆమె పుస్తకంలో పేరెక్కితే సాయంత్రానికల్లా మిన్నీ బే దాకా తెలిసిపోతుందని నా భయం. నిజానికి ఆ పిల్ల ఎవరి గుట్టూ బయటపెట్టిన మనిషి కాదు. పోనీ ఆసుపత్రికి తీసుకెళ్దామా అంటే, అక్కడ చీటీల వరుసలో సగం మంది మా వాళ్లే ఉంటారు.

మూడో నెలలో కోడలికి తలనొప్పి పట్టుకుంది.

"అత్తమ్మా, ఓపాలి దీదీకి సూపించుకుంతాను," అంది.

"కడుపుతో ఉన్నోళ్లకి తలనొప్పి రాదేటి? కాసేపు తొంగో, తగ్గిపోద్ది," అని కొట్టిపారేశాను.

ఆ దీదీయే ఒకరోజు పాలు తీసుకుంటూ అడిగింది. "క్యా హువా ఆంటీ, కోడలు కొట్లో అగుపడ్డం నేదు? తబియత్ బాగోనేదా?"

"గ్యాస్. బస్, అంతే," అన్నాను ఆమె మొహంలోకి చూస్తూనే. అబద్ధం ఆడుతున్నానన్న బెరుకు కూడా లేదు. మనవడి కోసం ఆడుతున్నాను కదా అనుకున్నాను.

ఐదో నెల నిండడానికి ఇంకా వారముంది. ఆ మధ్యాహ్నం కోడలు పప్పు తూస్తూ, "అత్తమ్మా, కాటా మీద అంకెలు కనపడ్డం నేదు," అంది. పాదాలు చూస్తే ఉబ్బి చెప్పుల్లోంచి బయటికొచ్చేశాయి. కొట్టు తలుపు సగం దించి ఆటో పిలిచాను.

ఆసుపత్రిలో బీపీ చూసిన డాక్టరమ్మ కార్డడిగింది. లేదన్నాం. తలనొప్పి ఎప్పటినుంచి అని అడిగింది. ఈ బీపీ మొదట్నుంచీ ఉండి ఉంటుందనీ, అప్పుడే వస్తే మాత్రలతో అదుపులో పెట్టడానికి చూసేవాళ్లమనీ, ఇప్పుడు బిడ్డ ఎదగాల్సినంత ఎదగలేదనీ హిందీలో చెప్పింది. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని కసిరింది.

కోడలు నా వైపు ఒకసారి చూసింది. "మేరీ గల్తీ హై, డాక్టర్. సిగ్గేసి నేనే రానేదు," అంది.

నేనే ఆపానని చెప్పాలి. నోటిదాకా వచ్చింది కూడా. వరండాలో మా అబ్బాయి, "చదువుకున్నావ్, అకల్ నేదేటి నీకు?" అని పెళ్లాన్ని కేకలేస్తున్నప్పుడైనా చెప్పాల్సింది. ఊరందరి మీదా లేచే నా నోరు ఆ రోజు పెగల్లేదు.

మూడో రోజు కడుపులోనే బిడ్డ గుండె ఆగిపోయింది. ఆడపిల్ల.

కోడల్ని ఇంటికి తెచ్చాక పరామర్శకని మిడిల్ పాయింట్ నుంచి మా ఆడపడుచు వచ్చింది. ముందు గదిలో కూర్చుని కళ్లొత్తుకుంటూ, "ఈ కాలం పిల్లలకి ఒంటి మీద ధ్యాసే నేదు వదినా, నువ్వేం సేస్తావు," అంది.

అవునన్నట్టు తలూపాను.

పక్క గది తలుపు తీసే ఉంది. కోడలు మంచం మీద ఇటు తిరిగి పడుకుని, కళ్లు తెరుచుకుని నన్నే చూస్తోంది.