పది మంది కూర్చునే జెండా

ఇది ఒక రాజ్యాన్ని గడగడలాడించిన యువకుల వీరగాథ. పద్దెనిమిది పర్వాలు పట్టేంత సంగతి. అని మొదలుపెడదామనుకున్నాను గానీ, చదివేవాళ్లలో మా వరంగల్ కొత్తవాడ మనుషులు కూడా ఉంటారు, వాళ్లు ఊరుకోరు. ఆ రోజు గడగడలాడింది ఒక నీళ్ల గాబు మీది రేకు మూత. విరిగింది ఒక వెదురు బొంగు. మిగిలిన రాజ్యమంతా మధ్యాహ్నం అన్నం తిని పడుకుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, నిన్న హైస్కూలు పిల్లలు నలుగురు మా ఇంటికి వచ్చారు. ఆడపిల్లలకు పై తరగతులు పెట్టాలని సభ చేస్తున్నారట, కూర్చోవడానికి జంపఖానా కావాలట. "అన్నా, నవాబు జమానాల మీరేం జేసిండ్రు?" అని అందులో ఒకడు అడిగాడు. రెండేళ్ల కిందటి ముచ్చటను జమానా అంటున్నాడు. "జంపఖానా ఆరేసినం తమ్మీ" అన్నాను. తమాషా చేస్తున్నాననుకుని నవ్వారు.

ఆ ఏడు ఆగస్టులో ఢిల్లీకి స్వాతంత్ర్యం వచ్చింది. మా వరంగల్ నవాబుగారి రాజ్యంలో ఉండిపోయింది కనుక మాకు రాలేదు. మూడు రంగుల జెండా ఎత్తితే జైలు. ఎత్తి తీరాలని మా బావ నిశ్చయించాడు. బావ అంటే మా మేనమామ కొడుకు, నాకంటే మూడేళ్లు పెద్ద, పరీక్ష తప్పడం వల్ల దేశసేవకు తీరిక దొరికినవాడు. చిక్కల్లా గుడ్డ దగ్గర వచ్చింది. బజారులో ఆ మూడు రంగులు ఒకేసారి అడిగినవాడి పేరు సాయంత్రానికల్లా ఠాణాకు చేరేది. అప్పుడు బావకు తోచింది: వాళ్ల నాన్న కొత్తవాడలో జంపఖానాలు నేస్తాడు, చారల జంపఖానా నేయించుకుంటే అడిగేవాడెవడు? తను చెబితే తండ్రికి అనుమానం వస్తుందని నన్ను పంపాడు.

మామ మగ్గం మీద నుంచి తల ఎత్తకుండా, జంపఖానా కోసం వచ్చిన ఎవరినైనా అడిగే మాటే అడిగాడు. "ఎంతమంది కూసుంటరు?" ఆయన దగ్గర గజాల కొలత లేదు, మనుషుల లెక్కే. జెండా మీద ఎంతమంది కూర్చుంటారో నేనెప్పుడూ ఆలోచించలేదు. తక్కువ చెబితే దేశానికి అవమానమనిపించి, పది మంది అన్నాను. రంగులు కూడా చెప్పాను. మామ ఒకసారి నా మొహం చూసి మళ్లీ పనిలో పడ్డాడు.

పది రోజులకు తయారైన జెండాను మోయడానికి ఇద్దరం కావలసి వచ్చింది. నడుమ బొమ్మ ఒక్కటి మిగిలింది. రాట్నం తీసేసి చక్రం పెట్టారని నేను పేపర్లో చదివాను. పేపర్లను నమ్మకూడదని బావ. రెండు రోజులు వాదించుకున్నాం. నీలం రంగు డబ్బాలోనే గడ్డకట్టింది. ముందు ఎగురుతుందో లేదో చూద్దామని, మామ నూలు కోసం బజారుకు పోయిన ఒక మధ్యాహ్నం, ఆయన వాకిట్లోనే బొంగుకు కట్టి నిలబెట్టాం. ఎగరలేదు. తడిసిన గోనెసంచిలా కాసేపు వేలాడింది. తర్వాత బొంగు ఫెళ్లున విరిగి నీళ్ల గాబు మీది రేకు మూత మీద పడింది. వాడకట్టు కుక్కలన్నీ మొరిగాయి. గల్లీలో గస్తీ తిరుగుతున్న పోలీసు జమేదారు లోపలికి వచ్చాడు. ఆయన వెనకాలే, నెత్తిన నూలు మూటతో, మామ.

అప్పటిదాకా తట్టని విషయం నాకు అప్పుడు తట్టింది. వాకిలి మామది, మగ్గం మామది, నేసిన చేయి మామది. జైలుకు పోవాలని ఉబలాటపడింది మేము, పోయేది ఆయన.

"ఏం లొల్లిరా పోరగాండ్లు?" అన్నాడు జమేదారు.

అంతవరకు దేశం గురించి గంటల తరబడి మాట్లాడిన బావ విరిగిన బొంగు ముక్కను వీపు వెనక పెట్టుకున్నాడు. మామ మూట దించుకున్నాడు. "కొత్త జంపఖానా సాబ్. గంజి వాసన పోవాలెనని ఆరెయ్యమన్న. దండెం కట్టుండ్రంటె బొంగు నిలవెట్టిండ్రు. సదువుకున్నోళ్లు గద."

"మరి ఈ రంగులేంది?"

"నూలు మిగిలింది సాబ్. ఏది మిగిలితె అదే చార."

జమేదారు చేతికర్రతో మడత విప్పి, సరిగ్గా నడుమ చూశాడు. తెల్లచార మీద ఏమీ లేదు. బావా నేనూ ఒక మాట మీదికి రాకపోవడమే దేశానికి మేము చేసిన పెద్ద సేవ. ఆయన బూట్లు విప్పి, దాని మీద కూర్చుని, మంచినీళ్లు అడిగి తాగాడు. "మెత్తగనే ఉన్నది" అన్నాడు. పోతూ పోతూ గడప దగ్గర ఆగి, "ఆరేసుకోండ్రి. బొంగుకు గాదు, గోడకేసుకోండ్రి" అన్నాడు. ఆయనకు ఏం తెలుసో ఏం తెలియదో ఈనాటికీ నాకు తెలియదు.

బూట్ల చప్పుడు గల్లీ మలుపు తిరిగింది. తర్వాత బావ ఉన్నచోటే కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు, ఆపడం చేతకాలేదు. మామ చెంబెత్తి నీళ్లు తాగాడు, సగం అంగీ మీద పోసుకున్నాడు. "సర్కారు హుకుం ఇనలేదా? ఎయ్యుండ్రి గోడకు" అన్నాడు. ఇద్దరం మోసి గల్లీవైపు గోడ మీద వేశాం. మామ నాలుగడుగులు వెనక్కి నడిచి చూశాడు.

"తలకిందులేసిండ్రు. కాషాయం మీదికి రావాలె."

బావ నవ్వు ఆగింది. "నీకు ముందుగాలనే ఎరుకనా నాయినా?"

"నీ బామ్మర్ది రంగులు చెప్పుకుంట చెమటలు గక్కె. కూసునే జంపఖానకు ఎవడన్న గంత భయపడ్తడార?"

గల్లీలో పోయేవాళ్లు నడక తగ్గించారు. ఒక ముసలమ్మ ఆగి, అంచు నిమిరి వెళ్లిపోయింది. సాయంత్రానికి ఆ వరసలో ఇంకో మూడిళ్ల గోడల మీద చారల జంపఖానాలు ఆరుతున్నాయి. ఒకటి ఎరుపూ నీలమూ. వాళ్లకు ఉత్సాహం ఉంది, నూలు లేదు. ఎవరినీ పట్టుకుపోలేదు. కొన్నాళ్లకు నమ్మకం కుదిరి, మామ రాత్రిళ్లు నిద్రపోవడం మొదలుపెట్టాడు.

తర్వాత ఏడాదికి రాజ్యమే మారింది. అందులో మా వాటా ఎంతో తేల్చేవాళ్లు లేరు. ఎవరి గోడ మీద ఏమి ఆరిందో కాలం రాసి పెట్టుకోదు. ఆ మొత్తం వ్యవహారంలో నేను నికరంగా నేర్చుకున్నది ఒకటి ఉంది. అది మామ చెప్పిందే, నిన్న ఆ పిల్లలకు ఆ జంపఖానా ఇస్తూ నేను చెప్పిందీ అదే: జంపఖానాను మడిచి పెట్టకూడదు, చుట్టి పెట్టాలి. మడిచినచోట నూలు తెగుతుంది.