తొమ్మిదో చొక్కా

పోయిన కార్తీకంలో ఆత్మకూరు నుంచి ఉదయగిరికి బైకు మీద వెళ్తూ వణికినంతగా నా జన్మలో ఎప్పుడూ వణకలేదు. తప్పు వానది కాదు, నాదే. గదిలో మేకుకు జర్కిన్ వేలాడుతూ ఉంది. కావాలనే వదిలేసి వెళ్లాను.

ఆత్మకూరులో నాది ఒంటిగది బతుకు. కలువాయి నుంచి వచ్చి, ఒక ప్రైవేటు ల్యాబులో రక్తపరీక్షలు చేస్తూ మూడేళ్లు గడిపాను. ఊళ్లో సగంమంది రక్తం నాకు తెలుసు గానీ, ఇంటికి పిలిచి ఇన్ని కాఫీనీళ్లు ఇచ్చే మనిషి లేడు. పొద్దున్నే కాలేజీ గ్రౌండులో కొందరు షటిల్ ఆడేవారు. ఒకరోజు జోడీ తక్కువై, పక్కన నిలబడి చూస్తున్న నన్ను రమ్మన్నారు. ఆ తర్వాత ఎవరైనా రాకపోతే ఆడేవాణ్ని. అందరూ వస్తే కాక్ ఏరి ఇచ్చేవాణ్ని.

వాళ్లలో ఒకడికి ఉదయగిరి అమ్మాయితో పెళ్లి కుదిరింది. మా వైపు ఇప్పుడు పెళ్లికొడుకు స్నేహితులంతా ఒకే తానులోంచి చొక్కాలు కుట్టించుకోవడం ఆనవాయితీ అయిపోయింది. పెళ్లికొడుకే గుడ్డ కొని పంచుతాడు. నాకూ ఒక కవరు ఇచ్చాడు. మీగడ రంగు, పలచటి గుడ్డ. టైలరు దగ్గర కూర్చుని మరీ కుట్టించుకున్నాను. అద్దం ముందు రెండుసార్లు తొడిగి విప్పాను. నవ్వితే నవ్వండి, ఉద్యోగం వచ్చినప్పుడు కూడా నాకంత సంతోషం కలగలేదు.

పెళ్లివాళ్లు ముందురోజే వెళ్లిపోయారు. స్నేహితులం తొమ్మిదిమందిమి, ఐదు బైకుల మీద ఉదయం ఆరింటికి బయలుదేరాం. ముసురు పట్టి ఉంది. మిగతా ఎనిమిదిమందీ చొక్కాల మీద జర్కిన్లు, రెయిన్‌కోట్లు వేసుకుని వచ్చారు. చొక్కా కనపడకపోతే ఎలా అన్న దిగులు వాళ్లకెవరికీ లేదు. ఎందుకుంటుంది? ఆ చొక్కా లేకపోయినా వాళ్లు స్నేహితులే. ఇద్దరిద్దరుగా ఎక్కేసరికి మిగిలింది నేను. నా వెనక సీటు మీద, అందరం కలిసి కొన్న మిక్సీ పెట్టెను తాడేసి కట్టారు.

ఊరు దాటగానే వాన జోరందుకుంది. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. వేళ్లు బ్రేకు మీద ఉన్నాయో లేదో చూసుకుంటేగానీ తెలియడం లేదు. ముందు బైకుల మీద వెనక కూర్చున్నవాళ్లు, నడిపేవాళ్ల వీపు చాటున తలదాచుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. మాటలు నా దాకా రావు, నవ్వులే వస్తాయి. ఏం జోకు వేసుకున్నారో అని ఆ చలిలో కూడా నాకు ఒకటే ఆరాటం.

దారిలో టీ కొట్టు దగ్గర ఆగాం. ఒకతను నా బైకు దగ్గరికి పరుగున వచ్చాడు. నాకోసమే అనుకున్నాను.

"మిక్సీ తడస్తా ఉండాదిరా! పట్ట ఏమన్నా దొరుకుతాదేమో చూడండి" అని కేకేశాడు. కొట్టులో యూరియా సంచి దొరికితే తెచ్చి పెట్టెకు చుట్టారు.

"నీ జర్కిన్ ఏదిరా?" అని ఇంకొకతను నన్ను అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే, "చొక్కా చూపించుకోవాలని వచ్చినాడులేరా" అన్నాడు మూడోవాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అంత సులువుగా దొరికిపోయాక నవ్వక ఏం చేస్తాను?

టీ పోస్తున్న అవ్వ మాత్రం నవ్వలేదు. "ఏంది నాయనా, పెదాలు నల్లబడిపోయినాయి. నీతో వచ్చినోళ్లు ఒకరన్నా చూసుకోలేదా?" అంది. పొట్లాలకు దాచుకున్న పాత పేపర్లు నాలుగు తెచ్చి, చొక్కా లోపల రొమ్ముకు అడ్డం పెట్టుకోమంది. "గాలి కొట్టకుండా ఉంటాది."

పెట్టుకున్నాను. ఆవిడ ఆ మాట మళ్లీ అడగకముందే, టీ సగంలోనే వదిలేసి బండెక్కాను.

ఉదయగిరి చేరేసరికి కొండ సగం మబ్బులోనే ఉంది. కల్యాణ మండపం వరండాలో అందరూ జర్కిన్లు విప్పారు. లోపల చొక్కాల ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. నేను పేపర్లు లాగితే ముక్కలుముక్కలుగా ఊడొచ్చాయి. చొక్కా ముందువైపంతా సిరా మరకలు. తుడిస్తే ఇంకా పరుచుకున్నాయి.

తాళి కట్టాక స్నేహితులను ఫొటోకి స్టేజి మీదికి పిలిచారు. నేనూ మెట్లెక్కాను. పెళ్లికొడుకు నవ్వి, "వచ్చినావా" అన్నాడు. ఈలోపు మావాళ్లలో ఒకతను నన్ను ఎగాదిగా చూసి, తన ఫోను నా చేతిలో పెట్టాడు.

"ఆ మరకలతో బాగుండదురా. నువ్వు తియ్యి."

అతని గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

కిందికి దిగాను. ఫోనులోంచి చూశాను. పెళ్లికూతురు, పెళ్లికొడుకు మధ్యలో, అటు నలుగురు, ఇటు నలుగురు. అందరిదీ ఒకే రంగు. నేను ఎవరి పక్కన నిలబడి ఉండేవాణ్నా అని వెతికాను. ఎక్కడ నిలబడినా ఆ పక్క ఒకరు ఎక్కువయ్యేవారు.

"ఇంకాస్త దగ్గరికి జరగండి" అన్నాను.

జరిగారు.