మిల్లు ఆగిన గంట

మా పక్కింటి యాదమ్మ మనవరాలు మంజుల తెలివైనదని మా వాడకట్టంతా అంటుంది. నేను అనను. దానికి తెలివి కంటే మొండితనం ఎక్కువ. సూర్యాపేటలో ఆటో నడిపే లింగస్వామి కూతురు. కోదాడలో నాయనమ్మ దగ్గర ఉండి, ఇక్కడి కాలేజీలో పరిశోధన చేస్తోంది.

యాదమ్మా నేనూ మిర్యాలగూడ మిల్లులో ముప్పై ఏళ్లు పక్కపక్కనే కూర్చుని బియ్యం చెరిగాం. గింజను వేళ్ల మధ్య నలిపి పాతదో కొత్తదో చెప్పడంలో నాకు సాటి లేదు. యాదమ్మ ఇప్పటికీ తడబడుతుంది. అయినా దేవుడు ఇలాంటి మనవరాలిని దానికే ఇచ్చాడు. నా మనవడు సురేందర్ ఫోను తప్ప పుస్తకం పట్టడు.

ఒకరోజు మంజుల తన మిషను చూపిస్తానని మమ్మల్నిద్దర్నీ కాలేజీకి తీసుకెళ్లింది. గుమ్మం బయట చెప్పులు విప్పాం. మంజుల మాత్రం లోపల వేసుకునే రబ్బరు చెప్పులు తొడుక్కుంది.

"బియ్యంల ఉండే ప్రొటీను కంటికి ఆనదు అవ్వా. గీ సూది దాని మీద తడుముకుంట పోయి, ఎత్తుపల్లాలు తెలుసుకొని బొమ్మ గీస్తది."

"నేను ముప్పై ఏండ్లు వేలితోని చేసింది గదే గదనే!" అన్నాను.

"నీ వేలికెవరన్న సర్టిఫికెట్ ఇచ్చిన్రా?" అని యాదమ్మ కిసుక్కున నవ్వింది.

తెర మీద మాత్రం అన్నీ అడ్డగీతలే. శుక్రవారంలోగా బొమ్మ రాకపోతే మిషను వేరేవాళ్లకు ఇస్తారట. రెండేళ్ల పని అక్కడితో ఆగిపోతుందట. సూదీ మంచిదే, ప్రొటీనూ మంచిదే అంటూ మంజుల కళ్లు తుడుచుకుంది.

నా అరికాళ్ల కింద గచ్చు సన్నగా వణుకుతోంది. ఆ వణుకు నాకు తెలియనిదా! కాలేజీ గోడ అవతల ఒక బియ్యం మిల్లు ఆడుతోంది. బల్ల కింద రబ్బరు దిమ్మెలున్నాయి కదా, ఏ వణుకూ మిషనుకు తగలదని మంజుల ధీమా. నేను నోరు విప్పలేదు. ఏడవనీ అనుకున్నాను.

గురువారం పొద్దున మంజుల ముద్ద ముట్టకుండా వాళ్ల అరుగు మీద కూర్చుంది.

"ఎవరి కండ్లు పడ్డయో నా బిడ్డ మీద" అని యాదమ్మ నా వంకే చూసింది.

ఆ మాట పడలేకపోయాను.

"కండ్లు గాదు, మిల్లు! గాడ మిల్లు తిరుగుతుంటే నీ సూది కూడ వణుకుతది. ఒంటిగంటకు అన్నాలకని బందు పెడ్తరు. గప్పుడు చేసి సూడు."

"మొన్ననే ఎందుకు చెప్పలే అవ్వా?"

"నువ్వడిగినవా?"

ఆ మధ్యాహ్నమే బొమ్మ కుదిరింది. సాయంత్రం మంజుల పరుగెత్తుకుంటూ వచ్చి, వాళ్ల గుమ్మం దాటి నా దగ్గర ఆగింది. ఫోనులో మిషను గీసిన బొమ్మ, ఉడికిన సగ్గుబియ్యంలా గుండ్రటి ముద్దలు.

"మిషను నా దగ్గర్నే ఉంటది అవ్వా!"

"ఏదీ, నాకు సూపియ్యి" అని యాదమ్మ చెయ్యి చాచింది.

"జర ఆగు. ఇంకా సూస్తున్న" అన్నాను. రెండోసారి అడిగించుకుని గాని ఇవ్వలేదు.