గోరల్ త్రేన్పు

ముప్పై ఏళ్లుగా ఝమకుబెన్‌కు తెల్లవారడమంటే పేడలో చెయ్యి పెట్టడమే. ఆవు ఏం తిన్నదో, ఎంత అరిగిందో వేళ్ల మధ్య నలిపి చెప్పేస్తుంది. అత్త జీవీమా నేర్పిన విద్య అది. ఆ అత్త పోయింది. నిన్ననే పన్నెండో రోజు భోజనాలు పెట్టారు.

ఈ పొద్దున ఆవు గోరల్ వెనక పడివున్నది పేడ కాదు, నురగ. పులిసిపోయిన కంపు. వేళ్లకు జిగురుగా సాగింది, అందులో అరగని గోధుమరవ్వ. ఝమకుబెన్ లేచింది. మేత గాడిలోకి వంగి చూసింది. అడుగున నెయ్యి పేరుకుంది, దానినిండా ఈగలు.

"అక్కా, నిన్నటి తీపి లాప్సీ అంతా దీనికి పోశావా?"

తోడికోడలు రూడీబెన్ వేపపుల్ల నములుతూ వచ్చింది. "రెండు బేసిన్లే. ఆవు తింటే అత్తకు చేరుతుంది. నువ్వు పక్కనే ఉన్నావుగా."

ఉంది. చుట్టాల ముందు పుణ్యానికి అడ్డం చెప్పలేక మొహం తిప్పుకుంది. ఆ సంగతి గుర్తొచ్చి తనమీద తనకే రోత పుట్టింది. జీవీమా బతికుంటే ఆ బేసిన్లు ఇద్దరి నెత్తినా బోర్లించేది.

గోరల్ నెమరు వెయ్యడం లేదు. ఎడమ డొక్క నొక్కితే నీళ్ల తిత్తిలా ఊగింది. ఎండ ఎక్కకముందే నాలుక వేలేసి రొప్పుతోంది. డీసాలో ఉన్న డాక్టరుకు ఫోన్ చేస్తే, గంట పడుతుంది, ఈలోగా వంటసోడా నీళ్లు పట్టమన్నాడు.

అంతలో ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కంపెనీ ఉద్యోగి కేతుల్ దిగాడు. గోరల్ చేత పొట్టలో వేడి కొలిచే గోళీ మింగించిందీ, త్రేన్పుల్లో గ్యాస్ లెక్కపెట్టే పెట్టెను గాడికి బిగించిందీ అతనే. గాలిని వేడెక్కించే ఆ గ్యాస్ ఎంత తగ్గితే కంపెనీకి అంత లాభం.

"పిన్నీ, గోరల్ గ్యాస్ సగానికి సగం పడిపోయింది. ఊళ్లో ఇంత తక్కువ దేనికీ లేదు. పదింటికి పెద్దసార్లు వస్తున్నారు, దీన్నే చూపిద్దాం."

"పొట్ట ఆగిపోయిందయ్యా. శవం అసలు త్రేన్చదు, అది ఇంకా బాగుంటుంది మీకు."

"ఒంటి వేడి పెరిగిందని ఫోన్ చూపిస్తోంది. వడదెబ్బ. ఫ్యాన్ పెట్టండి."

"నీ ఫోన్ పేడ వాసన చూసిందా?"

ఆమె సోడా కలిపింది. కేతుల్ ముందుకొచ్చి నిలబడ్డాడు. "సార్లు వెళ్లేదాకా ఆగండి పిన్నీ. ఇప్పుడేమైనా పట్టిస్తే అంకె చెడిపోతుంది."

ఝమకుబెన్ సీసా కింద పెట్టింది. ఇంకా కడగని కుడిచెయ్యి అతని రుమాలు కిందకు దూర్చింది. కేతుల్ గోడవైపు పరుగెత్తి, తాగిన టీ అంతా కక్కాడు. ఈలోగా ఆమె గోరల్ దవడ పట్టుకుని, సీసాతో కొంచెం కొంచెంగా సోడానీళ్లు పట్టింది.

డాక్టరు వచ్చి గొట్టం దించి, మిగతా కుళ్లు బయటికి లాగాడు. ఇస్త్రీ చొక్కాల పెద్దసార్లు వచ్చి నిలబడేసరికి గోరల్ మెడ చాచి, పొట్ట అడుగునుంచి పొడుగ్గా త్రేన్చింది. సార్లు వెనక్కి నడిచారు. కేతుల్ ఫోన్‌లో అంకె పైకి లేచింది.

"బతుకుతుంది," అన్నాడు డాక్టరు.

ఝమకుబెన్ కొబ్బరి పీచు తెచ్చి రూడీబెన్ చేతిలో పెట్టింది.

"గాడి తోము అక్కా. నీళ్లు నేను పోస్తా."

జిడ్డు వదిలేసరికి మధ్యాహ్నం దాటింది.