మూసి మళ్ళీ తెరిచి చదివిన మాట

నాకు అక్షరాలు వచ్చేసరికి నలభై రెండేళ్ళు. మా బస్తీ కమ్యూనిటీ హాల్లో మధ్యాహ్నం పూట ఒక పంతులమ్మ ఆడవాళ్ళను కూర్చోబెట్టి నేర్పింది. అంత ఆలస్యంగా నేర్చుకున్నవాళ్ళకు అక్షరం కింద వేలు పెట్టనిదే చూపు ముందుకు పోదు. చిన్నప్పటి నుంచి చదివినవాళ్ళు వాక్యం మొదలు చూసి మిగతాది ఊహించుకుంటారు. మాకు ఆ ఊహ రాదు, ఉన్నది ఉన్నట్టు చదువుతాం. గొప్పకు చెప్పడం లేదు. వేరే దారి లేక అలా చదువుతాం, అంతే.

కార్ఖానా అనే పేటలో మందుల దుకాణం పైన రెండు గదుల ఆఫీసులో ఊడ్చి, తుడిచి, చాయ్ పెట్టే పనికి కుదిరాను. అక్కడ పాత తెలుగు పుస్తకాల పేజీలు కంప్యూటర్లో చూస్తూ మళ్ళీ టైపు చేసేవారు. అవి ఊరంతా కంప్యూటర్ పిచ్చి పట్టిన రోజులు. మా దగ్గర మూడు నెలలు చెయ్యి తిరిగేలా నేర్చుకున్న పిల్లలు హైటెక్ సిటీ వైపు కొత్త కంపెనీలు పిలవగానే పోయేవారు. వచ్చినవాళ్ళకల్లా మొదటి నుంచి చెప్పలేక మా ప్రోగ్రామరు ఒక ఉపాయం చేశాడు.

అతనిది విజయనగరం వైపు. ముప్పై దాటినవాడు, భార్యాపిల్లలతో యాప్రాల్‌లో అద్దెకుండేవాడు. టైపు చేసే ఎడిటర్‌కు లిస్పు అనే భాషలో సొంతంగా కమాండ్లు రాసి, ఒక్కో కమాండ్ ఏం చేస్తుందో తెలుగులో నాలుగు ముక్కలు జోడించాడు. సహాయం మీట నొక్కి కమాండ్ పేరు కొడితే ఆ ముక్కలు తెర మీదికి వస్తాయి. రాసినవాటిని ముందు నాకు చూపించేవాడు. నాకు అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుందని అతని లెక్క. ఆ మాటకు నాకేం కోపం రాలేదు, నిజమే కదా.

అలా మెల్లగా ఇంకో పని నా మీద పడింది. కొత్తగా చేరినవాళ్ళు మొదటి పొద్దు నా పక్కన కూర్చోవాలి. నాకని మూలన ఇచ్చిన మిషన్లో నేను సహాయం తెరిచి ఒక్కో కమాండ్ పైకి చదవాలి. చదువుకున్న పిల్లలకు చదువు రాని మనిషి చదివి వినిపించడం ఏమిటని కొందరు నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. చీపురు పక్కన పెట్టి కుర్చీలో కూర్చున్న ఆ గంట నాకు ఎంత విలువైనదో వాళ్ళకేం తెలుసు.

ఒక సోమవారం ఒకామె చేరింది. పెళ్ళయి ఇద్దరు పిల్లలున్న మనిషి, మొదటి ఉద్యోగం. ఆమెకు పేజీ ముగించే కమాండ్ గురించి చదివి చెప్పాను. ‘పేజీ పూర్తయ్యాక దీన్ని వాడండి. ఇది పేజీని దాచి, మూసి, తర్వాతి పేజీ తెరుస్తుంది.’ దాచడమంటే కొట్టింది పోకుండా సేవ్ చేయడం. ఆమె నా మాట నమ్మి సాయంత్రం దాకా అలాగే కొట్టింది. సాయంత్రం చూస్తే ఒక్క పేజీ లేదు. అన్నీ మూతపడ్డాయి, ఏదీ సేవ్ కాలేదు. ఆమె ఏడవలేదు గానీ బ్యాగు భుజాన వేసుకుని నిలబడింది, ఎవరైనా పొమ్మంటే పోదామన్నట్టు.

ఓనరు వచ్చాడు. ఇక్కడి మనిషే, ముందు ప్రింటింగ్ ప్రెస్ నడిపినవాడు. ప్రోగ్రామరును పిలిచి అడిగితే, కిందటి వారం ఆ కమాండ్ మార్చానన్నాడు. సగం కొట్టిన పేజీలు కూడా దాచుకుంటోందని, దాచే పని తీసేశాడట. ఇప్పుడది అడగకుండా మూసేస్తుంది, ముందు మనమే దాచుకోవాలి. ఆ సంగతి పాతవాళ్ళకు నోటితో చెప్పి, సహాయంలో కూడా రాశానని తన మిషన్ మీద తెరిచి చూపించాడు. నేను వేలు పెట్టి చదివాను. ‘ఇది పేజీని దాచదు. ముందు మీరే దాచుకోండి.’ స్పష్టంగా ఉంది.

ఓనరు గొంతు పెంచలేదు. “పెద్దమ్మా, నీకు చదువు కొత్త. గిట్ల ఒక ముక్క అటిటు అయితది, తప్పేం లేదు. రేపటి సంది చాయ్ పనే చూస్కో. చదివి చెప్పుడు బంద్.”

తిట్టినా బాగుండేది. తిడితే తిరిగి ఒక మాట అనేదాన్ని. అంత మెత్తగా అనేసరికి నాకే అనుమానం వచ్చింది. బస్సులో వస్తూ దుకాణాల బోర్డులు ఒక్కొక్కటే చదువుకున్నాను, నిజంగానే నాకు చదువు వచ్చా రాలేదా అని. ఇంట్లో మా ఆయనకు చెప్పాను. ఆయన మోండా మార్కెట్లో బస్తాలు మోసేవాడు, వేలిముద్ర మనిషి. “మొన్నటిదాక రాకుండెనే గదా. మళ్ళ రాకుంటే ఏమైతది,” అన్నాడు. నవ్వించాలని అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

మర్నాడు ఎప్పటిలాగే నేనే ఆఫీసు తాళం తీశాను. ఊడ్చి, మిషన్లన్నీ ఆన్ చేశాను. చదవొద్దన్నారు గానీ ఎవరూ లేరు కదా. నా మిషన్ మీద ఎడిటర్ తెరిచి అదే కమాండ్ సహాయం తీశాను. ‘ఇది పేజీని దాచి, మూసి, తర్వాతి పేజీ తెరుస్తుంది.’ మళ్ళీ చదివాను. మూడోసారి చదివాను. అదే ఉంది. క్యాలెండర్ కాగితం చింపి వెనక ఆ ముక్కలు ఒక్కో అక్షరం చూసి రాసుకున్నాను. నోటితో చెబితే నమ్మరు, కాగితం ఉండాలి.

తర్వాత ఒక ఖాళీ పేజీ మీద ఆ కమాండ్ ఒక్కసారి నడిపాను. మళ్ళీ సహాయం తెరిస్తే మాట మారిపోయింది. ‘ఇది పేజీని దాచదు.’ ఏదో పాడు చేశాననుకున్నాను. అయినా దాన్నీ కింద రాసుకున్నాను.

ప్రోగ్రామరు రాగానే కాగితం చేతికిచ్చాను. చూసి, “ఏటమ్మా, పైది పాత మాట కదా. ఎక్కడ చూసేవు?” అన్నాడు. నా మిషన్లో చూడమన్నాను. చూశాడు. కొత్త మాటే ఉంది. నా వైపు తిరిగి జాలిగా ఒక చూపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పుడే ఊరుకుని ఉంటే నా కథ చాయ్ పొయ్యి దగ్గరే ముగిసేది.

“గిట్ల కాదు బిడ్డా. బంద్ చేసి మళ్ళ తెరువు. కమాండ్ నడపకు. ఉత్తగ చదువు.”

అతను మూసి తెరిచాడు. పాత మాట వచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చుని తల పట్టుకున్నాడు.

తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఎడిటర్ తెరవగానే కమాండ్లన్నీ లోపలికి రావు. వస్తే తెరుచుకోవడానికి చాలా సేపు పడుతుంది. అందుకని కమాండ్ల పేర్లు, వాటి సహాయం ముక్కలు వేరే ఒక జాబితాలో నకలు తీసి పెడతారు. తెరిచినప్పుడు ఆ జాబితా మాత్రమే వస్తుంది. ఏదైనా కమాండ్ మొదటిసారి వాడినప్పుడే అసలుది తన సహాయంతో సహా లోపలికి వస్తుంది. నాకు వెంటనే మార్కెట్లో బియ్యం దుకాణాలు గుర్తొచ్చాయి. ముందు పళ్ళెంలో నమూనా ఉంటుంది, బస్తాలు వెనక గోదాములో ఉంటాయి. “గోదాముల బియ్యం మార్చినవ్, పళ్ళెంల పాతయే ఉంచినవ్,” అన్నాను.

“అదేనమ్మా. జాబితా మళ్ళీ తయారుచెయ్యడం మర్చిపోయేను. నా మిషన్ మీద పొద్దున్నే కమాండ్లన్నీ ముందుగా ఎక్కించీసుకుంటాను, అందుకే నాకు కనబళ్ళేదు.”

నా ముందే జాబితా తాజా చేసే కమాండ్ నడిపాడు. తెర మీద ఫైళ్ళ పేర్లు గబగబా పోయాయి. ఎడిటర్ మూసి తెరిచి, లేచి, నన్ను కూర్చోమన్నాడు. చదివాను. కొత్త మాటే.

ఓనరు రాగానే తనే వెళ్ళి చెప్పాడు. నేను చాయ్ తీసుకుని వెనకే వెళ్ళాను, వినాలనే వెళ్ళాను. “తప్పు నాదండీ. అమ్మ చదివింది సరిగ్గానే చదివింది. ఆవిడ చెప్పకపోతే ఇంకో పదిమందికి ఇదే అయ్యుండును.” కొత్తగా చేరినామె పక్క గదిలో ఉంది. ఆమెకు కూడా వినబడేలా అన్నాడు. ఓనరు నాకు క్షమాపణ ఏం చెప్పలేదు, ఆ మనిషి తీరు అది కాదు. చాయ్ తీసుకుని, “ఇగ నుంచి ఏది మార్చినా పెద్దమ్మ చదివినంకనే అందరికీ పోవాలె,” అన్నాడు. నాకు అది చాలు.

ఆ ఆఫీసులో ఇంకా తొమ్మిదేళ్ళు చేశాను. ఆ ప్రోగ్రామరుకు నేను రుణపడి ఉన్నాను. తప్పు చేసినందుకు కాదు, నలుగురిలో ఒప్పుకున్నందుకు. చదువుకున్నవాళ్ళు చాలామందిని చూశాను, ఆ ఒక్క మాట అనలేక ఎదుటివాళ్ళ చదువు మీద తోసేస్తారు. నన్ను కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించిన పంతులమ్మకు ఎంత దండం పెడతానో, అతనికీ అంతే పెడతాను. ఆమె చదువు నేర్పింది. ఆ చదువు నిజమేనని నలుగురి ముందు చెప్పింది అతను.

తర్వాతి వారం ఇంకో కమాండ్ మార్చాడు. జాబితా తాజా చేసి, ఎడిటర్ మూసి, నా మిషన్ మీద మళ్ళీ తెరిచి నన్ను పిలిచాడు. ఏం మార్చాడో చెప్పలేదు. నేను మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాను. లోపల గదిలోంచి ఓనరు అయిందా అని రెండుసార్లు అడిగాడు. ప్రోగ్రామరు నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. కొంచెం సేపటికి అతనే మెల్లగా, సరిగ్గా ఉందా అన్నాడు.

“జెర ఆగు బిడ్డా. ఇంకా రెండు లైన్లున్నయ్,” అన్నాను.

ఆగాడు.