కత్తెరమ్మ పగ

పొద్దున్నే షాపు షట్టరు ఎత్తగానే కత్తెరమ్మ చేసే మొదటి పని ఒకటుంది. కింద పడిన ముక్కల్లోంచి పనికిరాని గుడ్డ ఒకటి ఏరుకుని, సుద్దగీత లేకుండా, టేపు పెట్టకుండా, ఈ చివరినుంచి ఆ చివరిదాకా వేలెడు వెడల్పున ఒక పేలిక కత్తిరిస్తుంది. మధ్యలో కత్తెర ఆపదు. పేలికను వెలుతురుకు ఎత్తి చూసుకుంటుంది. తర్వాత దాన్ని తీసుకెళ్ళి వదిన కూర్చునే స్టూలు మీద పెడుతుంది. వదిన వచ్చి, పేలికను కిందికి తోసేసి కూర్చుంటుంది. ఈ విషయమై ఇద్దరి మధ్యా మాటలుండవు.

కత్తెరమ్మ అన్న పేరు మామగారు పెట్టింది. షాపు ఆయనది. హోటళ్ళకూ బళ్ళకూ యూనిఫారాలు కుట్టే షాపు. కొడుకును మిషను ముందు కూర్చోబెట్టి, కొత్తగా వచ్చిన కోడలికి కత్తెర పట్టడం నేర్పాడాయన. పెళ్ళి చేసుకోని పెద్ద కూతురు కౌంటరు చూసుకునేది. కొలతలు తీయడం, బేరాలాడడం ఆవిడ పని. ఆయన పోయాక తాళాల గుత్తి ఆవిడ నడుముకు చేరింది. ఆవిడే ఈ వదిన.

అంతా బాగానే సాగుతుండగా కత్తెరమ్మకు ఒక వింత జబ్బు పట్టుకుంది. తిండి ఏమాత్రం ఆలస్యమైనా ఒళ్ళంతా చెమటలు పోసేవి. గీత ఒకటి గీస్తే రెండు కనబడేవి. నవ్వు రాని చోట నవ్వొచ్చేది. నాలుగు బిస్కెట్లు తింటే సర్దుకునేది. అందుకని కొంగులో ఎప్పుడూ బిస్కెట్ల పొట్లం ఉండేది. ఒళ్ళు కూడా చేసింది.

"మా తమ్ముడి మిషను ఆగినా మా మరదలి దవడ ఆగదు," అని వదిన వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేది.

ఒకరోజు హోటల్ మేనేజరు తన కోట్ల గుడ్డ కోస్తుంటే చూద్దామని స్వయంగా వచ్చాడు. పని తొందరలో ఆమె పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. చంక దగ్గర తిరగాల్సిన కత్తెర తిరగకుండా మడతలన్నిటినీ చీల్చుకుంటూ ఛాతీ మీదుగా నేరుగా పోయింది. ఆమె కత్తెర పట్టుకుని నవ్వుతూ నిలబడింది.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు మేనేజరు.

"కిటికీ పెట్టానండి. గాలి ఆడుతుంది," అంది.

వదిన కౌంటరు దిగి వచ్చింది. మరదలి దవడ రెండు వేళ్ళతో పట్టుకుని, అందరి ముందూ, "ఊదు," అంది. ఆమె ఊదింది. వదిన ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసి, మేనేజరు వైపు తిరిగింది.

"క్షమించండి సార్. మనిషి మంచిదే. ఈ మధ్యే తాగుడు అలవాటైంది. మీ కోట్లు వేరేవాళ్ళ చేత కోయిస్తాను."

ఆర్డరు చేజారలేదు. కత్తెర బీరువాలోకి పోయి తాళం పడింది. మామగారు చేతికిచ్చిన కత్తెర అది. ఆమెను మూల స్టూలు మీద గుండీలు కుట్టడానికి కూర్చోబెట్టారు. వీధిలో పిల్లలు ఆమె వస్తుంటే తూలుతూ నడిచి చూపించేవాళ్ళు. మొగుడు ఇంట్లో మంచాల కింద సీసాల కోసం వెతికాడు. మొగుడి సంగతి ఆమె విడిగా తేల్చుకుంది. అతను చాలాకాలం తన అన్నం తనే వండుకున్నాడని మాత్రం చెప్పగలను.

వదిన సంగతి అలా తేలేది కాదు. గుండీ గుండీకీ దారం నాలుగుసార్లు తిప్పి ముడి వేస్తూ ఆమె ఒకటే అనుకునేది: ఏ కౌంటరు దగ్గర అన్నదో ఆ కౌంటరు దగ్గరే, ఏ మనిషి ముందు అన్నదో ఆ మనిషి ముందే, ఆ మాటను వదిన నోటితోనే వెనక్కి తీసుకునేలా చేయాలి.

కొన్నాళ్ళకు ఆమె ఆ స్టూలు మీదనుంచే ఒరిగి పడిపోయింది. దగ్గరి ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేసిన కుర్ర డాక్టరు, షుగరు ఇంత తక్కువగా ఉండడం తనెక్కడా చూడలేదని పెద్దాసుపత్రికి పంపాడు. అక్కడి డాక్టరమ్మ అంతా విని, క్లోమంలో ఏదో చిన్న కణితి అదేపనిగా ఇన్సులిన్ వదులుతోందని అనుమానంగా ఉందంది. అది తేలాలంటే ఆసుపత్రిలో ఉంచి, కాపలా పెట్టి, ఆ తూలుడు వచ్చేదాకా తిండి ఆపి, సరిగ్గా అప్పుడు రక్తం తీసి చూడాలి. పక్కన ఇంటిమనిషి ఒకరు కూర్చోవాలి.

"నేనుంటాను," అన్నాడు మొగుడు.

"మీరొద్దు. వదిన్ని రమ్మనండి. నా నోరు వాసన చూసింది ఆవిడ కదా, ఆవిడే కూర్చోవాలి."

వదిన రాక తప్పలేదు. మంచం పక్క కుర్చీలో బిగదీసుకుని కూర్చుంది. కత్తెరమ్మకు ఆకలి వేస్తున్నకొద్దీ సంతోషంగా ఉంది. ఏ తూలుడు వల్ల పరువు పోయిందో అదే తూలుడును, చుక్క తాగే వీలులేని గదిలో, వదిన కళ్ళారా చూడాలి. ఆ మొహం ఎలా మారుతుందో తను చూడాలి. దాని కోసమే వచ్చింది.

కళ్ళు తెరిచేసరికి నర్సు చేతినరంలోకి గ్లూకోజు ఎక్కిస్తోంది. వదిన గోడకు ఆనుకుని తన మణికట్టు పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమైంది?"

"ఏం కాలేదు. పడుకో," అంది వదిన.

"మీ వదినగారిని కొరికారు," అంది నర్సు.

కత్తెరమ్మ తల ఎత్తింది. "గట్టిగానా?"

"ఇద్దరం పట్టుకుంటే గానీ వదల్లేదు."

ఆమె మళ్ళీ దిండు మీద వాలిపోయింది. అంతకాలం కాచుకున్న ఘడియ వచ్చింది, వెళ్ళింది. అందులో తను లేదు. వదిన మొహం ఎలా మారిందో చూసింది నర్సు.

"ఇంట్లోనూ ఇలాగే చేసేవారా?" అని నర్సు వదిన్ని అడిగింది. "చాలామంది తాగుడనుకుంటారు, పాపం."

వదిన మణికట్టు మీదికి చీర చెంగు లాక్కుంది.

రక్తం పరీక్ష డాక్టరమ్మ అనుమానాన్నే నిలబెట్టింది. స్కానులో కణితి కనబడింది. ఇలాంటివాటిని న్యూరో ఎండోక్రైన్ కణితులంటారని, ఎక్కువభాగం ఒకచోటే ఉండిపోయేవేనని, తీసేయడమే దీనికి వైద్యమని సర్జన్ చెప్పాడు.

"కణితి మాత్రం తీస్తారా, ముక్క కోసేస్తారా?" అని అడిగిందామె.

"లోపల రసం పారే సన్నని గొట్టం ఒకటుంటుందమ్మా. కణితి దానికి దూరంగా ఉంటే ఒలిచి తీసేస్తాను. ఆనుకుని ఉంటే ఆ తోక భాగం తీసేయాలి, ఒక్కోసారి ప్లీహం కూడా. పొట్ట తెరిచాక వేళ్ళతో తడిమి, స్కాను పెట్టి చూస్తేగానీ చెప్పలేను."

"సరేనండి. గుడ్డ పరిచాకే కదా తెలిసేది," అంది.

స్ట్రెచరు మీద తీసుకెళ్తుంటే వదిన వెంట నడిచింది. "లోపలికెళ్ళేముందు మనసులో ఏదీ పెట్టుకోకమ్మాయ్," అంది మెల్లగా.

"పెట్టుకునే వెళ్తున్నాను వదినా. అది తీసేది ఈ డాక్టరుగారు కాదు."

కణితి కాలరు గుండీ అంత ఉందట. గొట్టానికి ఎడంగానే ఉంది. ఒలిచి తీసిన కాసేపటికే, ఆమె ఇంకా మత్తులో ఉండగానే, షుగరు పైకి లేచిందని సర్జన్ బయటికొచ్చి చెప్పాడు. ల్యాబు రిపోర్టు కూడా మంచిదే వచ్చింది, ఏడాదికోసారి చూపించుకుంటే చాలన్నారు. గాయం పక్కనుంచి క్లోమరసం కొన్నాళ్ళు కారింది. పొట్టకు గొట్టం, గొట్టానికి సంచీ తగిలించుకునే ఇంటికొచ్చింది. అంతసేపూ ఏమీ తినకుండా కూర్చోగలిగినందుకు దారి పొడుగునా ఆశ్చర్యపోతూనే ఉంది.

వదిన వంటింట్లోకి వచ్చి బీరువా తాళం చెవి గట్టు మీద పెట్టింది. "తప్పయిపోయింది. తీసుకో," అంది.

"అన్నది వంటింట్లో కాదుగా."

"షాపు మర్యాద పోతుందే. ఆ మేనేజరు ముందు నేను పొరబడ్డానని ఎలా చెప్పను?"

"అయితే తాగుబోతు చేతికి కత్తెరెందుకు వదినా? గుండీలున్నాయి."

గొట్టం తీసేశాక ఆమె షాపుకు వచ్చి మూల స్టూలు మీదే కూర్చుంది. బళ్ళు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. యూనిఫారాల గుడ్డ తానులు పైకప్పు దాకా పేరుకున్నాయి. జీతానికి తెచ్చుకున్న కటింగ్ మాస్టరు ఒకవైపు చేతులే కోసి, రెండోవైపు మరిచిపోయాడు. మొగుడు ఒకసారి అక్క మొహం, ఒకసారి భార్య మొహం చూసి మిషను మీదకు వంగిపోయేవాడు. కత్తెరమ్మ దారం తిప్పి ముడి వేసేది. పేలికలు కోసి వదిన మీద వేయాలని అప్పుడే చేతులకు జిల పుట్టేది.

చివరికి హోటల్ మేనేజరు కొత్త కోట్ల కోసం వచ్చాడు. "మీ కొత్త మాస్టరు పనితనం బాలేదు. ఆ పాతావిడ తాగుడు మానిందా?" అని అడిగాడు.

షాపులో మిషను ఆగింది. వదిన టేపును వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"తాగలేదండి. ఎప్పుడూ తాగలేదు. జబ్బు. ఆపరేషనైంది."

"మరి మీరు వాసన చూశారు కదా?"

"చూశాను. ఏమీ రాలేదు." వదిన గొంతు తగ్గింది. "మా షాపువాళ్ళకు కోయడం రాదంటే మీరు ఆర్డరు తీసుకుపోయేవాళ్ళు. తాగిందంటే మనిషిని మార్చుకుంటే సరిపోతుంది. అందుకని అన్నాను."

ఇది కత్తెరమ్మకు కొత్త. వదిన పొరబడిందనే ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. గుండీ పక్కన పెట్టి, సూది గుడ్డకు గుచ్చి లేచింది. కౌంటరు దగ్గరికి వెళ్ళి, వదిన దవడ రెండు వేళ్ళతో పట్టుకుంది.

"ఊదండి వదినా."

వదిన కళ్ళు మూసుకుని ఊదింది. కత్తెరమ్మ ముక్కు దగ్గరగా పెట్టి, తీరిగ్గా వాసన చూసి, మేనేజరు వైపు తిరిగింది.

"ఈవిడా తాగలేదండి. మంచి తెలివి మీద ఉండే అన్నారు."

తర్వాత వదిన నడుము దగ్గరి తాళాల గుత్తి కోసం చెయ్యి చాచింది. వదిన తీసి ఇచ్చింది. ఆ చేతి మణికట్టు మీద పళ్ళ గుర్తులు అప్పటికి లేత గోధుమరంగుకు తిరిగాయి. కత్తెరమ్మ వాటిని చాలాసేపు చూసింది. వాటిని చూడడం అదే మొదటిసారి.

ఇప్పుడు షాపులో కటింగు, కొలతలు, బేరాలు అన్నీ కత్తెరమ్మవే. మూల స్టూలు మీద కూర్చుని గుండీలు కుట్టేది వదిన.