పైడమ్మ ఆంటీ వేళ్ళతో చూసిన నాణేలు

నిన్న మధ్యాహ్నం కందిపప్పు కడుగుతుంటే నీళ్ళలో చేతికి రాయి తగిలింది. నా చూపు గిన్నె మీద లేదు. మబ్బు పడుతోందేమోనని కిటికీలోంచి ఆరేసిన బట్టల వైపు చూస్తున్నాను. గిన్నెలో మాత్రం వేళ్ళు ఆ రాయిని పట్టేశాయి. ఒక పక్క గరుకు, ఒక పక్క నున్నన, అంచున చిన్న గంటు. పారేయబోయి, కాసేపు దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తిప్పుతూ నిలబడిపోయాను. అలా తిప్పడం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఆక్లాండ్ శివారు పాపటోయిటోయిలో మా ఇంటి ఓనరు పైడమ్మ ఆంటీ దగ్గర అబ్బింది.

మా ఆయన దక్షిణం కొసన ఇన్వర్‌కార్గిల్‌లో చదువుకునే రోజుల్లో నేను ఈ దేశం వచ్చాను. ఆ చలిలో ఒక శీతాకాలం గడిపి, ఆయనకు ఆక్లాండ్ ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్‌లో ఉద్యోగం దొరికితే పాపటోయిటోయి చేరాం. ఆంటీ ఇంటి వెనక పెరట్లో విడిగా ఒక గది ఉండేది. ఇక్కడ స్లీపౌట్ అంటారు. అందులో అద్దెకు దిగాం. సామాను దింపుతుంటే మెట్ల మీద నిలబడి, "ఏటే గుంటా, గిన్నెలన్నీ మోసుకొచ్చీసినావా, మొగుడు తిండిపోతా?" అంది. ఆ మాట వినగానే విజయనగరం మనిషి దొరికిందని నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఆంటీ, మీదే ఊరండీ?"

"బా."

"బా ఏంటండీ?"

"బానే. ఊరి పేరే బా. ఫిజీలో."

వాళ్ళ తాత చెరుకు తోటల్లో పనికని ఓడెక్కి ఫిజీ వెళ్ళాడట. నాయనమ్మ దగ్గర నేర్చిన తెలుగు అలాగే నోట్లో ఉండిపోయింది. విజయనగరం ఆవిడ చూడనే లేదు. పెళ్ళయ్యాక భర్తతో ఇక్కడికి వచ్చి, వీధి చివర డైరీ నడిపింది. డైరీ అంటే ఇక్కడ పాలు, రొట్టె, పేపరు అమ్మే చిన్న కొట్టు. గల్లాపెట్టెలోకి పరాయి దేశాల చిల్లర వచ్చిపడితే బ్యాంకు తీసుకునేది కాదు, భర్త విసుక్కునేవాడు. ఈవిడ మాత్రం వాటిని గాజు సీసాలో వేసి, బేరాలు లేనప్పుడు ఒక్కొక్కటీ తీసి చూసుకునేది. బొమ్మ ఎవరిది, ఆ ఆకు ఏ చెట్టుది, అంచు చుట్టూ ఆ రంపపు పళ్ళెందుకు. అలా మొదలై పాత నాణేల మీదకి పోయింది. భర్త పోయాక, డైరీ అమ్మేశాక, ఆ పిచ్చి ఒక్కటే ఆవిడతో మిగిలింది.

మొదటిసారి కొన్న పాత రాగి బిళ్ళను ఆవిడ శుక్రవారం నాడు దీపపు కుందులతో పాటు చింతపండూ ఉప్పూ వేసి తోమిందట. ధగధగలాడిపోయింది. దాన్ని గర్వంగా తీసుకెళ్ళి, అమ్మిన కెన్ అనే ముసలాయనకు చూపిస్తే ఆయన కుర్చీలో కూలబడ్డాడట. వేల ఏళ్ళు మట్టిలో ఉండి పట్టిన ఆ నల్లటి పొరే దానికి విలువట. "రెండు వేల ఏళ్ళు ఒక్క నిమిషంలో కడిగీసినాను గుంటా," అని నవ్వేది. ఆ మెరిసే బిళ్ళను పారేయకుండా సిగ్గుబిళ్ళ అని పేరు పెట్టి దాచుకుంది.

మేం దిగిన రెండో ఏడు ఆవిడ చూపు తగ్గసాగింది. చూపు నడిమధ్య మచ్చ పడుతుందనీ, అంచులు మాత్రం మిగులుతాయనీ కంటి డాక్టరు చెప్పాడు. అప్పటికే మన ముఖం చూడాలంటే మన చెవి వైపు చూసేది. ఆవిడ కూతురు లీల ఆక్లాండ్‌లోనే బోటనీ డౌన్స్‌లో ఉంటుంది. తెలుగు అర్థమవుతుంది గానీ ఇంగ్లీషులోనే మాట్లాడుతుంది. అమ్మంటే ప్రాణం, అందుకే భయం. కనపడని నాణేలు చేతిలో ఉంటే పోగొట్టుకుంటుంది, ఎవరో మోసం చేస్తారు, అన్నీ తీసుకెళ్ళి బ్యాంకు లాకర్లో పెడదాం అంది. ఆంటీ క్రిస్మస్ దాకా గడువు అడిగింది. ప్రతి ఏడూ క్రిస్మస్ సెలవుల్లో ఆ ఏడు కొన్న వాటిలో తనకు నచ్చినవి బల్ల మీద పేర్చి, "ఈ ఏటి పంట" అని చూపించడం ఆవిడ అలవాటు. "పంట నాటికి ఏది ఏటో నాను సెప్పలేకపోతే అట్టుకుపో," అంది.

లీల వెళ్ళాక నా వైపు, అంటే నా చెవి వైపు, తిరిగి, "ఈ ఏడు ఏళ్ళతోనే కొంటాను," అంది.

నాకర్థం కాలేదు. "ఎన్నేళ్ళతో ఆంటీ?"

రెండు చేతులూ ఎత్తి వేళ్ళు ఆడించింది. "పదీ."

ఆవిడ నోట్లో వేళ్ళు కూడా ఏళ్ళే. ఆ రోజు ఇద్దరం కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వుకున్నాం.

అలా నేను ఆవిడ కళ్ళనయ్యాను. కెన్ ఆదివారాలు ఒక హాల్లో బల్ల వేసుకుని నాణేలు అమ్మేవాడు. నేను చెయ్యి పట్టి తీసుకెళ్ళేదాన్ని. అక్కడ ఆవిడ ముందు నాణేన్ని అరచేతిలో వేసుకుని బరువు చూసేది. తర్వాత అంచు చుట్టూ గోరు పోనిచ్చేది. తర్వాత బొమ్మ మీద చూపుడువేలు. అదంతా అయ్యాక నన్ను అడిగేది. ఆ ఏడు మొదట కొన్నది రోము వాళ్ళ కంచు నాణెం, బాగా అరిగింది. దాన్ని చూస్తూనే నేను, "లక్ష్మీదేవి ఆంటీ," అన్నాను.

"రోములో లచ్చిందేవికేటి పని?"

"మరి నిలబడింది, చేతిలో ఏదో పట్టుకుంది, అచ్చం..."

"ఏటుందో సెప్పు. అదేటో సెప్పకు." ఆవిడకు కోపం రాలేదు, నవ్వుతూనే అంది. "నువ్వు పేరెట్టీసినావనుకో, ఇంక నా ఏళ్ళు దాన్నే ఎతుకుతాయి. ఉన్నది తగల్దు."

నేను చదివింది ఐదో తరగతి. నాకు తెలిసినవల్లా మా ఇంటి పటాల్లో ఉన్న దేవుళ్ళు. ఈటె కనపడితే సుబ్రహ్మణ్యస్వామి, ఎద్దు కనపడితే నంది. ఆ పేర్లు నాలిక చివరే ఉండేవి. వాటిని మింగి, ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. "నిలువుగా ఒక మనిషి. చీర కుచ్చెళ్ళలాగా గీతలు. కుడిచేతి నుంచి ఏదో వేలాడుతోంది. ఎడమచేతిలో వంకర కొమ్ము. ముఖం అరిగిపోయింది." నేను చెబుతుంటే ఆవిడ వేలు ఆ దారినే నడిచేది. ఒక్కోచోట ఆగి, "ఊఁ, దొరికింది," అనేది. ఆ మాట కోసం నాకు ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఉండేది.

తర్వాత ఒకసారి మన దేశపు సీసం బిళ్ళ ఒకటి వచ్చింది. శాతవాహనులదట. గోదావరి, కృష్ణల మధ్య మన వాళ్ళే పోసిన నాణెమట. మాది గోదావరి పక్కనే, నేనెన్నడూ వినలేదు. తొండమెత్తిన ఏనుగు. దానికి నా సాయం అక్కర్లేకపోయింది. వేలు పెట్టీ పెట్టగానే ఆవిడ నోరు విచ్చుకుంది. సీసం గనక పట్టుకున్నాక చేతులు కడుక్కోమన్నాడు కెన్. ఆవిడ సరేనని, మళ్ళీ పట్టుకుని, మళ్ళీ కడుక్కుని, సాయంత్రం దాకా అదే పని.

ఇంకోసారి ఇంగ్లండుది, నడిమధ్యకు తెగిన వెండి ముక్క చేతిలో పెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. "కళ్ళు లేని మనిషని సగం బిళ్ళ అంటగడుతున్నాడు ఆంటీ, వద్దు," అని తెలుగులో గట్టిగా అన్నాను. కెన్‌కు భాష తెలియకపోయినా నా ముఖం అర్థమైంది. చిల్లర దొరకని పాత కాలంలో, నాణెం వెనక ఉన్న శిలువ గీత వెంట రెండుగా కత్తిరించి అరపెన్నీగా వాడుకునేవారట. ఆంటీ ఆ కోసిన అంచు మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. "అర్దణా అంటే నిజంగా అర్దమేనన్నమాట," అంది. తర్వాత, "ఆ రెండో ముక్క ఎవలి సేతికి పోయిందో," అంది. ఇంటికొచ్చేదాకా మేం దాని గురించే మాట్లాడుకున్నాం. ఉప్పు కొన్నారా, చేపలు కొన్నారా, పిల్లాడి చేతిలో పెట్టారా అని.

చలికాలం పోయి ప్లమ్ చెట్లు పూసే వేళకు మచ్చ పెద్దదైంది. అంచుల్లోంచి కూడా సరిగా కనపడటం లేదు. అప్పుడు వచ్చింది గధియా. మన పడమటి సీమల్లో చాలాకాలం నడిచిన వెండి నాణెమట. చిన్నది, దిట్టంగా, శనగబద్దలా ఉంటుంది. నేను ఎంత చూసినా అందులో నాకేమీ కనపడలేదు. "చుక్కలు ఆంటీ. ఒక వంకర గీత. మళ్ళీ చుక్కలు. వెనక నిచ్చెన మెట్లలాగా అడ్డగీతలు."

కెన్ నవ్వి కథ చెప్పాడు. మొదట అది పర్షియా రాజు ముఖమట, వెనక ఉన్నది అగ్నివేదిక. మన కంసాలులు ఆ నాణేన్ని చూసి అచ్చు చెక్కారు. వాళ్ళది చూసి వాళ్ళ తర్వాతి వాళ్ళు, వాళ్ళది చూసి ఇంకొకరు. రాజెవరో ఎవరికీ తెలియదు, ముందున్నది చూసి చెక్కడమే. వందల ఏళ్ళకు ముక్కు గీతయింది, జుట్టు చుక్కలయింది, వేదిక నిచ్చెనయింది.

ఆ రోజు బస్సు దిగే ముందు ఆంటీ అంది. "మా తాత ఊరి పేరూ అంతేనే. ఓడెక్కినప్పుడు ఎవలో ఇంగ్లీసులో రాసినారు. దాన్ని సూసి ఇంకొకలు. ఇప్పుడు నా కాడున్న పేరు బుంపిల్లి. ఆ పేరుతో ఊరెక్కడా నేదంట."

"బొండపల్లి అయ్యుంటుందేమో ఆంటీ. లేకపోతే..."

"ఊఁహూఁ. పేరెట్టకు." నాణెం ఉన్న సంచీ తడుముకుంది. "మొకం నేకపోయినా సెల్లింది సూడు, అన్నేళ్ళు."

ఈసారి ఆవిడన్నది ఏ ఏళ్ళో నేను అడగలేదు.

క్రిస్మస్ ముందు ఆదివారం లీల వచ్చింది. ఆంటీ పంట బల్ల మీద తువ్వాలు పరిచింది. లీల నాణేలు కలిపేసి ఒక్కొక్కటే అమ్మ చేతిలో పెట్టింది. ఏనుగు వెంటనే చెప్పేసింది. సగం పెన్నీ తగలగానే నవ్వేసి చెప్పింది. గధియా పట్టుకుని, "నా సుక్కలోడు," అంది. తర్వాత రోము కంచు వచ్చింది. అరిగి నున్నగా ఉన్న బిళ్ళ. ఆంటీ తిప్పింది, గోరు పోనిచ్చింది, బుగ్గకు ఆనించుకుంది. నా నోట్లో మాట ఆడుతోంది, బిగబట్టుకున్నాను.

"తెల్దు," అంది చివరకు.

లీలకు గెలిచినట్టు లేదు. ఆమె కళ్ళలోనే నీళ్ళు తిరిగాయి. "మమ్, ఇట్స్ ఓకే," అని నాణేల డబ్బా మూత అందుకుంది.

ఆంటీ ఆ నాణెం ఉన్న అరచేతిని చాచింది. నా వైపనుకుని నేను లేవబోయాను. కానీ ఆ చెయ్యి కూతురి గొంతు వినపడిన వైపు తిరిగింది. "ఏటుందో నువ్వు సెప్పు, లీలా."

లీల ఇంగ్లీషులోనే, "నాకేం తెలుసమ్మా వీటి గురించి," అంది.

"తెలకపోడమే మంచిది. సూసి సెప్పు. మన మాటలో."

లీల చాలాసేపు చూసింది. "మనిషి... నిల్చుంది. మొకం... లేదు. చేతిలో..." ఆగిపోయింది. ఇంగ్లీషు మాట పెదవుల దాకా వచ్చి వెనక్కి పోయింది. నుదురు ముడుచుకుని వెతుక్కుంది. చిన్నప్పుడు డైరీలో బంగాళదుంపలు తూచేది ఆ పిల్లేనట. "తక్కిడి," అంది నెమ్మదిగా. "మమ్, తక్కిడి పట్టుకుంది."

ఆంటీ వేలు కదిలింది, ఆగింది. "దొరికింది," అంది.

లీల మూత కింద పెట్టింది. కుర్చీ దగ్గరకు లాక్కుని, ఇంకో నాణెం తీసి, దీని మీద ఏముందో చెప్పనా అని అడిగింది. లాకరు మాట మళ్ళీ రాలేదు. నేను టీ పెట్టడానికి లేచాను. నా పని ఇంకొకరు అందుకున్నారని మనసులో ఒక మూల చివుక్కుమంది, అబద్ధం ఎందుకు. టీ మరిగేలోగా అది కూడా పోయింది. ఆ ఏటి పంటలో ఏది బాగా నచ్చిందని లీల అడిగితే, ఆంటీ ముఖం లేని ఆ తక్కిడి బిళ్ళనే గుప్పిట్లో పెట్టుకుంది.

తర్వాత మేం హామిల్టన్ వచ్చేశాం. ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. నాణేలు లీల దగ్గరున్నాయి.

నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ఏదైనా తెలియకపోతే చదువుకోలేదు కదా అని ముందే తల దించుకునేదాన్ని. ఇప్పుడు దించను. పోయిన వేసవిలో సముద్రం ఒడ్డున మా అమ్మాయి తడి ఇసుకలోంచి ఏదో తెచ్చి, "అమ్మా, వాటీజ్ దిస్?" అంది. నాకు తెలియదన్నాను. ఇద్దరం ఇసుకలో కూర్చున్నాం. గుండ్రంగా ఉందంది పిల్ల. నడుమ ఐదు రేకుల పువ్వుంది, నేనన్నాను. కింద చిన్న కన్నం, ఊపితే లోపల ఏదో చప్పుడు, బరువే లేదు. అలలు వచ్చి మా పాదాలు తడిపి పోతున్నా లేవలేదు. దాని పేరు మాకు ఇప్పటికీ తెలియదు.